నిశానీ

పలమనేరు ఆఫీసులో మిషను మీద
మూడుసార్లు అదిమినా నా బొటనవేలు పడలేదు.
"గీతలు అరిగిపోయినాయి సార్,
సబ్బుతో బాగా కడుక్కోని రేపు రాండి" అన్నాడు పిల్లోడు
తలెత్తకుండానే.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె అడుగున
ఎండిన వేపాకుల్లో పండుకున్న
దరఖాస్తు పట్టా తీసినాను.
నాలుగు మడతలు.
చిరిగిన చోటల్లా అన్నం మెతుకులతో అతికించిన
పాత పేపరు ముక్కలు.
రెండెకరాల పదకొండు సెంట్లు.
తూర్పు గుట్ట, పడమర వంక,
ఉత్తరం సర్కారు అడివి,
దక్షిణం... ఏమీ రాయలేదు.
అప్పుడు దక్షిణాన ఎవరూ లేరు.
(ఇప్పుడు టమోటా లారీలు రాత్రంతా దుమ్ము లేపుతుంటాయి.)

కింద, చెంగల్రాయప్ప నిశానీ.

మా ఇంట్లో కథ ఎప్పుడూ తాతతోనే మొదలు.
వాలాజా పక్కనుంచి బండి కట్టుకొచ్చినాడని,
మొగిలి కనుమలో ఒక ఎద్దు కూలబడితే
కాడి కింద తనే భుజం పెట్టినాడని,
కలివి కంప నరికి, గుండ్లు దొర్లించి,
ఎలుగుబంటి పండుకునే తావులో
పొయ్యి ముట్టించినాడని.
పెండ్లి పెండ్లికీ ఆ గుండ్లు లావయినాయి.
మా చిన్నాయన చెప్పే నాటికి
ఎలుగుబంట్లు రెండు.

అవ్వ ఆ కథలో సంగటి కెలుకుతా ఉంటుంది.
అంతే.

పట్టాను కిటికీ వెలుతురులో పెట్టి చూసినా.
గుండ్లు దొర్లించిన చేతిది కాదు ఆ ముద్ర.
చింతగింజంత.
నడుమ అడ్డంగా ఒక తెల్లటి గీత,
కొడవలి కోసింది.

తొంభై దాటిన మా మేనత్త దొరసానమ్మ
చూపు ఆనక, కాగితాన్ని వేళ్ళతో తడిమి
నోట్లో పన్ను లేకుండా నవ్వింది.
"మీ తాతకు ఎడమ బొటనేలు యాడుండాది రా?"

పదకొండు అడుగుల కాడ రాయి తగిలిందంట బావిలో.
మందు కూరి వొత్తి ముట్టిస్తే
ముందే పేలింది.
వేలు ఎగిరి ఎక్కడ పడిందో
రెండు రోజులు వెతికినారంట, పూడ్చిపెడదామని.

కరణం మాత్రం ఒప్పుకోలా.
"మగోడంటే ఎడం వేలే. కుడిది చెల్లదు."
పట్టా బల్ల మీదే ఉంది. సిరా ఆరిపోతా ఉంది.
అప్పుడు మా అవ్వ అక్కులమ్మ
చెంగుతో వేలు తుడుచుకోని
"నాది ఎడమదే కదా" అని వేసేసిందంట.
కరణం గంప చెనిక్కాయల వైపు చూసి,
వాకిలి వైపు చూసి,
తాత పేరు రాసుకున్నాడంట.

"ఆ పైన బావిలోకి దిగింది ఆయమ్మే.
నేనూ దిగినాను అబ్బయ్యా,
ఆయమ్మ కడుపులో."

గోడ మీద తాత ఫోటో, ఒక్కటే ఉంది మాకు.
ఎడమ చేయి తువ్వాలు మాటున.
దర్జా అనుకున్నాం ఇన్నాళ్ళూ.

పొద్దున్నే సబ్బుతో కడుక్కున్నా,
రాయి మీద రుద్దుకున్నట్టు.
బావి ఎండి ఇరవై ఏండ్లు,
ఈ నీళ్ళు ట్యాంకరువి.
పట్టా మీద, ఆ చింతగింజ పక్కన
నా బొటనవేలు ఆనించి చూసుకున్నా.
ఎక్కడా కలవలేదు.
కలుస్తుందనీ అనుకోలేదులే.

ఆఫీసులో మళ్ళీ ఎర్రలైటు.
పిల్లోడు ఈసారి నా మొహం చూసినాడు.
"ఇంకో వేలు పెట్టండి సార్,
ఏదైనా పర్వాలేదు."

ఏదైనా పర్వాలేదంట, అవ్వా.