కుడి చెవి

నలుపుల్లో తేడా చూసి చెప్పగలను నేను.
పందొమ్మిదేళ్ళు కోక్ ఓవెన్ల దగ్గర నిలబడ్డవాణ్ణి.
తడిసిన బొగ్గు నలుపు వేరు.
కాలి చల్లారిన కోక్ నలుపు వేరు, దాన్లో వెండి పొడి ఉంటుంది.
గాలి ఇటు తిరిగినప్పుడు గాజువాకలో
ఆరేసిన బనీను మీద వాలేది
నలుపే కాదు, ఒకరకం విసుగు.

మంగలంలో బార్లీ వేయిస్తున్నప్పుడు
నాక్కావలసిన నలుపు ఇంకోటి.

పూర్ణా మార్కెట్లో కొట్టువాడు అడిగాడు:
"ఐదు కేజీలా? ఎవరికండీ ఒంట్లో బాగోలేదు?"
మా నాన్నకి అన్నాను.
నాన్న పోయి తొమ్మిదేళ్ళు.
"జావలో ఉప్పు తక్కువెయ్యండి" అన్నాడు పాపం.

గింజ ముందు తేనెరంగు, తర్వాత చింతపిక్క,
ఆ తర్వాత, ఇక్కడే చెయ్యి ఆగకూడదు,
కాఫీగింజకీ మసికీ మధ్య
అట్లకాడ రెండుసార్లు తిరిగేంత జాగా.
ఆ జాగాలో దింపాలి.

మొదటిసారి దింపలేదు.
మేడంతా పొగ. మూడో అంతస్తు కూర్మారావు గారు
ఫైరింజనుకి ఫోన్ చేసేశారు.
రెండోసారి సరిగ్గానే దింపాను గానీ
ఏప్రిల్ నెల పులిపించేసింది.
మూత తీస్తే
పెళ్ళయిన మూడోనాటి పందిట్లో
మర్చిపోయిన సాంబారు గుండిగ.

ఇది మూడో బకెట్.

నైట్ షిఫ్ట్ దిగి నేరుగా ఫిషింగ్ హార్బరుకి.
చేపలకి పోగా మిగిలిన ఐసు
గోనెసంచిలో, బండి ముందర.
సింధియా దాటేసరికి మోకాళ్ళదాకా తడి.
టబ్బులో ఐసు, ఐసులో బకెట్,
బకెట్ చుట్టూ తడి తువ్వాలు.
వెనక గదంతా వంజరం వాసన.
అయినా థర్మామీటరు ఇరవై ఒకటి దగ్గర నిలబడితే
జీతం పడినంత సంబరం.

నాలుగోరోజు
గొట్టం చివర నీళ్ళసీసాలో బుడగ ఆగిపోయింది.
నోటుపుస్తకం తీశాను.
సాంద్రత, వేడి, గంట, నిమిషం.
తప్పెక్కడా లేదు. భయమేసింది అందుకే.
మూత తీశాను. మూశాను. మళ్ళీ తీశాను.

వాచ్‌మన్ భార్య సొంబారి,
ముంచంగిపుట్టు మనిషి,
కోళ్ళకని పట్టుకెళ్ళిన బార్లీ పిప్పి గిన్నె
తోమి తిరిగివ్వడానికొచ్చింది.
గిన్నె కింద పెట్టింది.
అడక్కుండానే కూచుని బకెట్‌కి చెవి ఆనించింది.
ఏ డాక్టరూ నా గుండె అంతసేపు వినలేదు.

"ఉంది" అంది.
"ఏటుంది?"
"మాటాడతంది. నువ్వే మూత తీసీసి తీసీసి
బెదరగొట్టీసినావు.
మాయమ్మ చోళ్ళు పులవేసినప్పుడు
ఆ గదిలో మమ్మల్ని గట్టిగా దగ్గనిచ్చీది కాదు."

ఓవెన్ల హోరుకి ఎడమ చెవి సగం పోయింది నాకు.
కుడిది ఆనించాను.
ముందు నా నెత్తురే వినపడింది.
తర్వాత ఫ్యాను.
తర్వాత, ఊపిరి బిగబట్టాక,
అల వెనక్కిపోయాక తడి ఇసకలో
పీతల బొరియలు చేసే చప్పుడు.
అంతే. అంత చిన్నది.
పందొమ్మిదేళ్ళలో ఇంత చిన్న చప్పుడు కోసం
నేలమీద కూచోలేదు నేను.

చాలాసేపు ఇద్దరం అటొకరు ఇటొకరు
బకెట్‌కి చెవులు పెట్టి.
కూర్మారావు గారు గుమ్మందాకా వచ్చి
మమ్మల్ని చూసి
ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు.

సీసాకి చెంచాడు అనకాపల్లి బెల్లం,
మంచం కింద చీకట్లో పద్దెనిమిది రోజులు.

పోస్తే నురగ మాత్రం మట్టిరంగు,
వరదొచ్చిన గోస్తని.
దాని కింద నలుపు.
లైటుకి పట్టుకుంటే అడుగున ఒక ఎర్రటి గీత,
ఓవెన్ తలుపు మూసుకునే ముందు కనపడేలాంటిది.
నాక్కావలసిందదే.

సొంబారి ఒక గుక్క తాగి
మొహం ముడిచింది.
"మాడింది."
ఇంకో గుక్క తాగింది.
"బాగానే మాడింది."
గ్లాసు కింద పెట్టి, మంచం కిందకి వంగి
సీసాలు లెక్కపెట్టుకుంది,
ఖాళీ అయ్యాక కొబ్బరినూనెకి
ఎన్ని తనకొస్తాయో.