వేట లేని రోజులు

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
నాకు కరెంటు పెట్టేది ముప్పై రోజులు.
"కలిసొచ్చింది" అన్నాడు ఎల్లాజీ.
అన్నాక ఆ మాట తనే విని
వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు.

జెట్టీలో బోట్లన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి.
ఐస్ ఫ్యాక్టరీలో నా కుర్చీలో ఎవరో కొత్త కుర్రాడట,
దిమ్మల లెక్కలో ఏడుని ఒకటిలా రాస్తాడట.
వాడి అంకెలు దిద్దడానికైనా నేను తిరిగి వెళ్ళాలి.

పొద్దున్న ఆరున్నరకి బస్సు.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర అద్దానికి బొగ్గు పొడి అంటుకుంటే
ప్రణతి దాని మీద వేలితో చేపని గీస్తుంది.
షీలానగర్ దాటేసరికి ఆ చేపకి మీసాలొస్తాయి.
కూర్మన్నపాలెంలో అది నేనైపోతాను,
ఒక పక్కే జుట్టు, స్టెరాయిడ్ బిళ్ళలకి పొంగిన బుగ్గలు.
"బూరెలే అమ్మా" అంటుంది, నొక్కి చూసి.

అగనంపూడిలో, లోపలి గదిలో,
నా మొహం అచ్చుతో తెల్లటి వల ఒకటుంది.
వేడినీళ్ళలో మెత్తబరిచి నా మీదే అద్ది చేశారు.
రోజూ దాన్ని బల్లకి బిగిస్తారు, కింద నేనుండగా.
రేవులో వలలన్నీ గోడల మీద ఎండుతున్న ఈ రోజుల్లో
దించిన వల ఇదొక్కటే.
పడింది నేనే.
కన్నాల్లోంచి చూస్తే పైకప్పుకి ఎవరో అంటించిన
కొబ్బరిచెట్ల బొమ్మ.
మన వైపు చెట్లు కావవి, మరీ శుభ్రంగా ఉన్నాయి.

మొదటి రోజు గడియారం తీయమన్నాడు సన్యాసిరావు.
బెల్టు కింద బాల్‌పెన్నుతో రాసుకున్న మూడక్షరాలు చూశాడు.
"ఏటమ్మా ఇది?"
పేరు, అన్నాను.
"ఎవుల్ది?"
చదవమన్నాను.
ఆ రోజునించీ వల బిగించేముందు
ఆ పేరు పైకి చదువుతాడు, బళ్ళో హాజరు పిలిచినట్టు.

మాటలు ఒక్కసారే పోవు.
ఊకలో పెట్టిన ఐసు దిమ్మలా
చూడ్డానికి అలాగే ఉంటాయి, ఎత్తితే తేలిక.
గరిటె అడగబోయి గొడుగు అంటాను.
ఉప్పుని ఒకసారి మంగళవారం అన్నాను.
మూడో తరగతి పాత నోట్సు వెనక పేజీల్లో
ప్రణతి రెండు గళ్ళు గీసింది,
ఒకటి అమ్మ మాటకి, ఒకటి అసలు మాటకి.
ఇప్పుడు మా ఇంట్లో పులుసులో మంగళవారం తక్కువైందని
ఎల్లాజీ కూడా అంటాడు.
నవ్వుతాం. ఆ నవ్వు నిజమే.
అర్ధరాత్రి ఆ మాయదారి ఆకలికి లేచి
చద్దన్నం తింటూ నేను ఏడ్చేదీ నిజమే.
పక్కన ఉల్లిపాయ ఉంటుంది కనక
ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

ఇరవై రెండో రోజు రాత్రి, డాబా మీద.
డాల్ఫిన్ కొండ దీపం వస్తోంది, పోతోంది.
అది నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది.
నీళ్ళు కావాలి. పిలవాలి.
మణికట్టు మీద చెమటకి అక్షరాలు చెరిగి
నీలం మరకొక్కటే మిగిలింది.

"తెడ్డూ" అన్నాను.

లేచి కూచుంది. కిందికెళ్ళి నోట్సు తెచ్చింది.
పెన్ను మూత పళ్ళతో లాగి, ఆగి, అడిగింది:
"కూర కలిపేదా, పడవ నడిపేదా?"

నాకు తెలీదు.
ఎల్లాజీ అటు తిరిగి వలలో చిక్కు విప్పుతున్నాడు.
ఆ వలలో చిక్కేమీ లేదు.

అమ్మ మాట గడిలో తెడ్డు అని రాసింది.
రెండో గడి ఖాళీగా వదిలేసింది.

ఈ రాత్రితో నిషేధం ఆఖరు.
నా కరెంటు అయిపోయి పది రోజులు, స్కాను ఆగస్టులో.
ఆ తెల్ల వలని ఇంటికి తెచ్చుకోనిచ్చారు.
వంటింటి మేకుకి తగిలించి
ప్రణతి అందులో ఉల్లిపాయలు పోసింది.

పన్నెండు దాటగానే రేవులో ఇంజన్లు ఒక్కొక్కటే దగ్గుతున్నాయి.
వాటిలో ఎల్లాజీది ఏదో చెప్పగలను.
అది నాకింకా తెలుసు.
"తెడ్డుకి నిద్దరొస్తంది" అంది ప్రణతి, కళ్ళు మూసుకునే.
దుప్పటి లాక్కోమన్నాను.
దుప్పటి అనే అన్నాననుకుంటా.
అది సరిదిద్దలేదు.