తూకం వేసిన చుక్క

ఆండర్సన్ వీధిలో పెళ్ళిపత్రికలు మడిచేది మా అమ్మ.
వందకి ఇంత అని కూలి.
కార్తీక ముహూర్తాలు దాటేసరికి ఆమె బొటనవేలి గోరు
అరిగి, గవ్వ వీపులా నున్నగా ఉండేది.

సాయంత్రం మిషను కింద రాలిన ముక్కల్ని
గోనెసంచిలోకి ఊడ్చి
కాదర్ బాయి బల్ల ముందు పెట్టేది.
"తూకం వెయ్యండి."
"చెత్తకి తూకమేంటి సువార్తమ్మా, తీస్కపో."
"వెయ్యండి బాయ్.
దొంగ కాయితంలో దీపం పెట్టి
దేవుడి పేరు చెప్పుకోలేను."
మూడు కిలోల రెండొందలు.
శనివారం కూలిలో అంతమేరా కోత.

పులియంతోపు హౌసింగ్ బోర్డు, మూడో అంతస్తు.
మంచం గోడకి నిలబెడితే
పని చేసుకునేంత నేల.
మైదాలో చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు ఉడుకుతుంటే
గిన్నెలోకి పోతున్న తమ్ముడి వేలి మీద ఒక్కటేసి
"ఇది బొద్దింకల పాయసంరా" అనేది.

డిసెంబరులో మా చీపురు బక్కచిక్కేది.
ఆయుధపూజ మర్నాడు ఆటోస్టాండులో
నాన్న ఏరుకొచ్చిన జరీ కాయితం
బియ్యం డబ్బా వెనకనించి బయటికొచ్చేది.
నాయనమ్మ బీపీ మాత్రల అట్టలు, వెండి వైపు పైకి, తోకకి.
ఆవిన్ పాలకవర్లు కడిగి, ఆరేసి, కత్తిరించి గొలుసు:
ఒక నీలం, ఒక ఆకుపచ్చ, మళ్ళీ నీలం.
"మీ నచ్చత్తిరానికి పాలవాసనొస్తదక్కా"
అనేది ఎదురింటి సెల్వి.
వచ్చేది. నిజమే.

ఒక ఏడు ఎవరో ఐదొందల పత్రికలు అచ్చేయించుకుని
తీసుకెళ్ళడానికి రాలేదు.
అడ్వాన్సు కూడా వదిలేసుకున్నారు.
ఎందుకని ప్రెస్సులో ఎవరూ అడగలేదు గానీ
నాలుగు రోజులు అందరూ గొంతు తగ్గించి మాట్లాడారట.
తెలుగు పత్రికలు.
అట్ట లోపల ఉల్లిపొరలాంటి కాయితం, దాని మీద ఎర్రటి అక్షరాలు.
ఆ పొరలే ఆ ఏటి చుక్కకి కిటికీలు.

జీరో బల్బు వెలిగింది.
అక్షరాలు లోపలివైపు ఉండిపోయాయని
అప్పుడు చూసుకున్నాం.

నేను బడిలో చదివేది అరవం.
తెలుగు మా ఇంట్లో నోటితో ఉండేది,
దాని అక్షరాలు అమ్మ బైబిల్లో ఉండేవి,
ఆదివారం తప్ప బయటికొచ్చేవి కావు.
"ఆ సున్నా ఉన్నది ఏంటమ్మా?"
"వసుంధర."
"ఎవరు?"
అమ్మ జిగురు చేతిని కొంగుకి తుడుచుకుంది.
రెండో చేతిని కూడా తుడుచుకుంది.
"ఈ పండక్కి మనింటికొచ్చిన పిల్ల."

వరుడి పేరు కత్తెరలో పోయింది.
కావాలని కోసిందో
కొలత అలా కుదిరిందో
ఇప్పటికీ తెలీదు నాకు.

నేను చదివిన మొదటి తెలుగు మాట అది.
తలకట్లన్నీ ఎదురుగాలికి వంగినట్టు, తిరగబడి.
పలక మీద అలాగే దిద్దాను,
అమ్మ నాన్న గడ్డం అద్దం తెచ్చి
పక్కన పెట్టేదాకా.

మద్రాసులో డిసెంబరు వాన చుట్టపుచూపుగా రాదు,
అద్దె బకాయి అడగడానికొస్తుంది.
అమ్మ చుక్కకి చీరకవరు తొడిగి పీకకి దారం కట్టింది.
కింద నీళ్ళలో సగం మునిగిన ఆటో,
దాని పక్కన ఎర్రగా ఊగుతూ మా చుట్టం.
రెండో రాత్రి కరెంటు పోయింది.
సెల్వి కిందనించి అరిచింది:
"అక్కా, మీ పిల్ల నిద్దరపోయిందా?"

జనవరిలో అన్నీ విప్పేది అమ్మ.
పుల్లలు చీపురుకి, జరీ డబ్బా వెనక్కి.
ఉల్లిపొర కాయితాన్ని చేత్తో సాపు చేసి
పోపులపెట్టె అడుగున పరిచింది, తుప్పు అంటకుండా.
ఈసారి అక్షరాలు పైకి.

మెంతులు నిండుకున్న రోజు
గిన్నె ఎత్తితే
ఆ పిల్ల పేరు తిన్నగా కనబడేది,
నిండా పసుపుతో.