పదకొండు మంది

సెబూలో రాత్రి మూడు.
కొబ్బరాకు పొట్లాల్లో వండిన అన్నం అమ్మే బండి
కింద వీధిలో ఇంకా ఉంది.
వాన అద్దానికి అటు.
అద్దానికి ఇటు, తొమ్మిదో అంతస్తులో,
హెడ్‌సెట్ మెడకు తగిలించుకుని జోవెలిన్
ఎవరైనా వస్తారేమోనని తెర వైపు చూస్తోంది.

రావడమంటే ఇక్కడ నడిచి రావడం కాదు.
ముందు ఒక చీటీ పుడుతుంది.
అంకెలూ అక్షరాలూ అతుక్కుపోయి
నోరు తిరగని చీటీ. ఆయువు ఒక్క రోజు.
అది చూపిస్తే క్లౌడ్‌లో ఎక్కడో
ఒక గది తలుపు తీసుకుని
చేతికి తీగ అందిస్తుంది.
పట్టుకో, నూరు లెక్కపెట్టేలోగా.
పట్టుకోలేదా, నువ్వు రానట్టే.

ఈ వరసంతా రాసినవాడు ఆర్నెల్ కబాహుగ్,
రెండు కుర్చీల అవతల
చల్లారిన కాఫీని మళ్లీ మళ్లీ ఊదుకుంటున్నాడు.
అతని కోడ్‌లో మనుషులు లేరు,
పార్టిసిపెంట్లు ఉన్నారు.
చేరారు, టైప్ చేస్తున్నారు, వెళ్లిపోయారు:
ఒక బతుక్కి ఈ మూడు మాటలూ
చాలనుకున్నాడు.

టింగ్. ఒకరు చేరారు.
ఎవరూ మాట్లాడలేదు.
టింగ్. ఇంకొకరు.
టింగ్, టింగ్.
లెక్క పదకొండు దగ్గర ఆగింది.
ఊరు ఊరంతా కట్టగట్టుకుని వచ్చిందేమిటని
జోవెలిన్ కుర్చీ ముందుకు లాక్కుంది.
"అందరికీ శుభ సాయంత్రం.
ఒకరి తర్వాత ఒకరు చెప్పండి."

మూడు చుక్కలు.
ఆరిపోయాయి.
మళ్లీ మూడు చుక్కలు.
"ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను."

మాగ్నస్ ఫ్లెట్.
స్కాట్లండ్ నెత్తిమీద ఓర్క్‌నీ దీవులు,
అందులో వెస్ట్రే.
జూన్ నెల, రాత్రి ఎనిమిదైనా
అక్కడ పొద్దు దిగడానికి మొరాయిస్తోంది.
ఫ్రీజర్ ఆగిపోయింది, లోపల
ఏడాదికి సరిపడా గొర్రె మాంసం.
ఫోన్ చెయ్యలేడు. నలభై ఏళ్లు
చేపల పడవ ఇంజన్ పక్కన నిలబడితే
ఆ ఇంజనే చెవులు రెండూ తినేసింది.
గాలి కొట్టినప్పుడల్లా సిగ్నల్ తెగుతుంది.
సిగ్నల్ తగిలినప్పుడల్లా
అతనికో కొత్త చీటీ, గదిలోకి
ఇంకో కొత్త మాగ్నస్.
పాతవాణ్ణి ఎవరూ బయటికి పంపలేదు.
నా ఫ్రీజర్ ఆగిపోయింది, అని పదిసార్లు రాశాడు,
పదిసార్లూ తీగ పట్టుకోకముందే.

చెవిటివాడి ముందు శంఖం అంటామా,
ఇక్కడ శంఖం ఊదింది చెవిటివాడు.
వినపడనిది మనకు.

ఆర్నెల్ లేచొచ్చి ఆమె భుజం మీదుగా చదివాడు.
ఏమీ అనలేదు. తన కుర్చీలోకి వెళ్లి
నాలుగు లైన్లు చెరిపాడు, ఆరు రాశాడు.
జారినవాణ్ణి ఇంకొకణ్ణి చెయ్యొద్దు.
వాడి చీటీ వాడికే ఉండనీ,
తీగ మాత్రం కొత్తది ఇవ్వు.

"మిగతా పదిమందినీ పంపించెయ్యండి,"
మాగ్నస్ రాశాడు.
"వాళ్లకు పెట్టడానికి నా దగ్గర మాంసం లేదు."
జోవెలిన్ నవ్వు ఆ వరసలో
నిద్రమొహాలన్నిటినీ తిప్పింది.
ఒక్కొక్కరినే సాగనంపింది.
మాగ్నస్ ఫ్లెట్ వెళ్లిపోయారు.
మాగ్నస్ ఫ్లెట్ వెళ్లిపోయారు.
ఇలా ఏడోసారి పడ్డప్పుడు
అతను కంగారుగా, "నేనున్నాను" అన్నాడు.
"తెలుసు," అంది ఆమె, "మీరు కదలకండి."

తర్వాత ఫ్యూజ్ మాట.
మూత తెరవొద్దు, దుప్పటి కప్పండి,
ప్లగ్ తీయండి, చిన్న స్క్రూడ్రైవర్ ఉందా?
చాలాసేపు చుక్కలు లేవు.
నూరు లెక్కపెట్టింది. ఇంకో నూరు.

నడుస్తోందా? శబ్దం వస్తోందా, అని అడగబోయి
చెరిపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మూత మీద చెయ్యి పెట్టాను," అన్నాడతను.
"వణుకుతోంది."

తెల్లారి రిపోర్టులో
సమస్య: ఫ్యూజ్.
పట్టిన సమయం: యాభై రెండు నిమిషాలు.
పాల్గొన్నవారు: పన్నెండు మంది.