ముద్ర పడలేదు

తుమ్మికొండ గూడకి దిగువన ఒక గెడ్డ ఉంది.
గెడ్డకి అటు ఉన్నవాళ్లు షెడ్యూలులో ఉన్నారు,
ఇటు ఉన్న మేం లేం.
అదే కొండ, అదే జీలుగు కల్లు,
చచ్చినవాళ్లని పిలిచే బాస కూడా అదే.
ఎవరో ఎప్పుడో బల్ల మీద మ్యాపు పరిచి
గీత గీస్తూంటే టీ వచ్చి ఉంటుంది,
చెయ్యి మా దగ్గర ఆగిపోయి ఉంటుంది.

మా నాయనమ్మ సవర సుక్కురమ్మ
నలభై ఏళ్లు పలాసలో జీడిపిక్కలు కొట్టింది.
కొట్టినప్పుడల్లా నూనె చిమ్మేది,
బూడిద రాసుకుని మళ్లీ కొట్టేది.
మొదట చూపుడువేలు నున్నబడింది,
తర్వాత బొటనవేలు.
ఇప్పుడది గెడ్డలో గులకరాయి.

రేషను మిషను దాన్ని ఎరగదు.
ఎర్రలైటు వెలిగి మరోసారి పెట్టమంటుంది.
"తుడుచుకో అప్పా" అంటాడు డీలరు.
కోక చెంగుకి తుడుచుకుంటుంది, పెడుతుంది,
తుడిస్తే మొలిచేవి కావు గదా గీతలు.
ఓట్లప్పుడు మాత్రం ఇదేమీ ఉండదు.
గోరు మీద సిరాచుక్క పెట్టేవాడు
వేలి లోపల ఏముందో అడగడు.

మొన్న మా కొండ మీద నల్లరాయి తీస్తారని
టేపులు పట్టుకుని మనుషులొచ్చారు.
గొమాంగో అడ్డం నిలబడితే కాగితం చూపించారు,
మీ గ్రామసభ ఒప్పుకుంది కదా అని.
ఏ సభ?
ఆ తేదీన ఊరంతా కందికొత్తల పండగలో ఉంది.
డప్పు దగ్గర లేనిది ఉయ్యాల్లో పిల్లలూ
మంచం పట్టిన లక్కాయి తాతా.
కాగితం మీద మాత్రం నూట పద్నాలుగు మందిమి
వరసగా కూర్చుని ముద్రలు వేశాం.
ముప్పై ఒకటోది మా నాయనమ్మది.
ఎంత చక్కటి ముద్రో!
సుడి, సుడిలో సుడి, అంచున చిన్న కత్తిగాటు.
పెళ్లినాడు కూడా ఆమెకి
అంత మంచి వేలు ఉండి ఉండదు.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్లని.
రాత్రంతా కూర్చుని అర్జీ రాశాను.
తెల్లారేసరికి గెలిచేశాం అనుకున్నాను.

సోమవారం, ఆర్డీవో ఆఫీసు, టోకెను నలభై రెండు.
"అయ్యా, ఈమె వేలికి గీతలే లేవు,
మరి ఈ ముద్ర ఎవరిది?"
ఆయన మంచివాడే.
కళ్లజోడు సవరించుకుని నాయనమ్మ చెయ్యి పట్టుకున్నాడు,
చాలాసేపు చూశాడు,
తర్వాత నెమ్మదిగా అడిగాడు:
"అయితే ఈమే సుక్కురమ్మ అనడానికి రుజువేది?"

కార్డు ఉంది. కార్డుకి వేలు కావాలి.
వేలు ఉంది.

నాకు మాట రాలేదు. నాయనమ్మకే వచ్చింది, సవరలో.
"ఏటంతాదీవిడ?" అన్నాడు గుమాస్తా.
సగం చెప్పాను:
నేనెవరో కొండని అడగండి,
మీ మనుషులు దాన్ని కొట్టేసేలోగానే అడగండి అంటంది.
మిగతా సగం చెప్పలేదు,
అంతటి తిట్టు నాకు తెలుగులో దొరకలేదు.

అప్పుడామె తనే సిరాపెట్టె లాక్కుని
అర్జీ కింద, నా గుండ్రటి అక్షరాల మీద పడేలా
వేలు అదిమింది.
పోడు కాల్చిన చెక్కలా నల్లటి మచ్చ.
"ఇది చెల్లదు" అన్నాడు గుమాస్తా.
అన్నాడు గాని రసీదు చింపి ఇచ్చాడు.

పొద్దు వాలాక బస్సు మమ్మల్ని గెడ్డ దగ్గర దింపింది.
ఆమె చీర ఎగదోపుకుని నీళ్లలోకి వంగి
ఇసకతో వేలు రుద్దుకుంది.
సిరా కాసేపు ఒకచోటే తిరిగి, కదిలిపోయింది.
అటు ఒడ్డుకి పోయిందో, ఇటు ఒడ్డుకో
నేను చూడలేదు.
రసీదు తడవకుండా పట్టుకుని ఉన్నాను.