వేట లేని వేసవి

ఫలితాల కాగితంలో నా పేరు ఉంది.
ఉంది గాని, గీత కింద ఉంది.
మైలపల్లి దానేశ్వరి, వెయిటింగ్ లిస్టు, పదిహేడు.
సముద్ర శాస్త్రం. మొత్తం సీట్లు ఇరవై.
సముద్రం మా వీధి చివర.

అదే వారం వేట బందైంది.
అరవై ఒక్క రోజులు గంగమ్మకి సెలవు.
ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు భుజాలు ఒరుసుకుంటూ
రేషన్ క్యూలో మనుషుల్లా నిలబడ్డాయి.
ఐసు ఫ్యాక్టరీ చప్పుడు ఆగిపోయాక తెలిసింది,
ఇన్నాళ్ళూ నేను ఆ చప్పుడులోనే చదువుకున్నానని.

నా వేసవికి అందరి దగ్గరా ఒక ప్లాను ఉంది.
అమ్మ: భీమిలి దారిలో రొయ్యల కంపెనీ, వ్యాను సందు మొదటికే వస్తుంది,
రోజుకి నాలుగు వందల యాభై.
మావయ్య: డాబాగార్డెన్స్‌లో జిరాక్స్ షాపు, కరెంటు పోతే కూర్చోడమే పని.
హేమలత: ద్వారకానగర్‌లో బ్యాంకు కోచింగ్,
ఇద్దరం చేరితే ఫీజులో తగ్గిస్తారట.
నేను అందరికీ "చూద్దాం" అన్నాను.
ఈ ఊళ్ళో మే నెలలో "చూద్దాం" అనడం
ఉక్కపోతలో బట్టలు ఆరేసినట్టు.
ఆరవు. అలాగని తడిసినట్టూ ఉండవు.

రాత్రుళ్ళు డాబా మీద పడుకుని
ముందున్న పదహారుమందినీ తలుచుకునేదాన్ని.
ఒకళ్ళకి హైదరాబాద్‌లో సీటు రావాలి,
ఒకళ్ళకి ఉద్యోగం, ఒకళ్ళకి పెళ్ళి,
చదువు మానెయ్యమనే మొగుడితో.
ఛీ అనుకుని ఆ చివరిది వెనక్కి తీసుకున్నాను.
నూకాలమ్మ గుడిలో మాత్రం గట్టిగానే మొక్కాను:
అందరినీ చల్లగా చూడు తల్లీ,
ఇంకెక్కడైనా.

రెండు మార్కుల్లో పోయింది. నలభై మూడో ప్రశ్న.
నిన్నటి పోటుకీ ఇవాళ్టి పోటుకీ తేడా ఎంత?
నాలుగు జవాబులిస్తే తప్పుదే పెట్టాను.
చెప్తే కొర్లయ్య బాబాయి
వల కుట్టే సూది కింద పెట్టి మరీ నవ్వాడు.
"ఒలే గుంటా, సముద్రం ఒడ్డున పుట్టి
నీళ్ళెప్పుడొస్తాయో తెల్దేటే నీకు?"

తెలీదు.
చెప్పులు పట్టుకుపోయేదిగా తెలుసు,
నాన్నని తెల్లారగట్ల తెచ్చి అప్పగించేదిగా తెలుసు.
గడియారం పెట్టి చూడలేదు ఎప్పుడూ.

మర్నాడు పెయింటు డబ్బా అడిగి తెచ్చుకున్నాను,
ఎర్రన్న బోటుకి పూయగా మిగిలిన ఎరుపు.
పాత జెట్టీ స్తంభం మీద జానెడు జానెడుకీ ఒక గీత.
పొద్దున ఒకసారి,
డాల్ఫిన్ నోస్ దీపం తిరుగుతుండగా టార్చి వేసుకుని ఒకసారి.
కెమిస్ట్రీ రికార్డు వెనక ఖాళీ పేజీల్లో
తేదీ, టైము, ఎన్నో గీత, గాలి ఎటు.
గాలుల పేర్లు బాబాయి చెప్పేవాడు.
కొన్నిటిని ఏ అక్షరాలతో రాయాలో తెలీక
విన్నట్టే రాశాను.

మధ్యాహ్నాలు రొయ్యల కంపెనీకీ వెళ్ళాను.
నాలుగు వందల యాభై, నాలుగు వందల యాభైయే.
తలలు తీసీ తీసీ వేళ్ళు తెల్లగా ఉబ్బేవి.
వాటితోనే పెన్ను పట్టుకుంటే
పేజీలకీ అదే వాసన.

పదిహేడు పద్నాలుగైంది.
తర్వాత మూడు వారాలు పద్నాలుగే.
ఒక అమావాస్య రాత్రి నీళ్ళు ఆరో గీత దాటాయి.
ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలీక
బస్టాపులో హేమలతకి చెప్పాను.
"అయితే?" అంది.
అయితే ఏం లేదు.

జూన్ పద్నాలుగు, అర్ధరాత్రి.
ఇంజన్లు ఒక్కటొక్కటే దగ్గాయి.
కొబ్బరినీళ్ళు, పసుపు, డీజిలు, అగరొత్తులు.
బాబాయి తాడు విప్పుతూ అడిగాడు,
"సీటొచ్చిందేటమ్మా?"
"ఇంకా ముగ్గురున్నారు ముందు."
"సర్లే. మరి నీళ్ళెప్పుడు నిండుతాయి?"

అతను అడగక్కర్లేదు.
ఆ నీళ్ళు యాభై ఏళ్ళుగా అతని మోకాళ్ళకి తెలుసు.
అయినా అడిగాడు,
తాడు చేతిలోనే పట్టుకుని, నా వైపు చూస్తూ.

పుస్తకం తీయకుండా చెప్పాను.
పన్నెండు నిమిషాలు తప్పాను.