నోటి మీద దెబ్బ

నిఘంటువు వాళ్ళు పంపిన కుర్రాడు
టేప్ రికార్డర్ బల్ల మీద పెట్టి
గొంతు సవరించుకుని అడిగాడు:
"గాబ్‌స్మాక్డ్ అంటే మీ ఊళ్ళో ఏమిటి అర్థం?"

బర్న్లీలో ఆ వేళ వాన.
బర్న్లీలో వాన పడని వేళ ఉంటే కదా.

హిల్డా గ్రిమ్‌షా, ఎనభై ఎనిమిదేళ్ళు,
టీలో ముంచిన బిస్కెట్ విరిగి పడేదాకా ఆలోచించి అంది:
"గాబ్ అంటే నోరు నాయనా.
మర్యాద గల నోరు కాదు, వాగే నోరు.
స్మాక్ అంటే దెబ్బ.
నీ పుస్తకంలో ఆశ్చర్యం అని రాసుకుంటావు కాబోలు.
ఆశ్చర్యానికి ఇంత నొప్పెందుకో, అదీ రాయి."

కుర్రాడు తనకు తెలిసింది చెప్పాడు.
గాబ్ ఐర్లండు మాట కావచ్చట,
అక్కడ పక్షి ముక్కుని అలా అంటారట,
పడవ దిగి కూలికొచ్చినవాళ్ళ మూటల్లో
బంగాళాదుంపలతో పాటు దొర్లి వచ్చిందేమోనట.
దెబ్బ ఎవరిదన్నది మాత్రం తేలలేదట:
ఎవరో కొట్టిందా,
నమ్మలేక మన అరచెయ్యి మనమే నోటికి కొట్టుకున్నదా.

"రెండూ నాకు తెలుసు" అంది హిల్డా.

"మొదటిది బళ్ళో, ఏడేళ్ళప్పుడు.
మిస్ ఎంట్విజిల్, ఉంగరం ఉన్న చెయ్యి.
పెదవి లోపలి మచ్చ
ఇప్పటికీ నాలుకకి తగులుతుంది.

రెండోది మిల్లులో.
మూడొందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే
దేవుడు అరిచినా వినపడదు.
అందుకని పెదవులతో మాట్లాడుకునేవాళ్ళం,
నోరు బాగా సాగదీసి, చప్పుడు లేకుండా.
ఎదురు మగ్గం నెల్లీ షటిల్‌వర్త్‌ది.
హారన్ మోగాక తన బస్సు అటు, నాది ఇటు,
చెవుల్లో ఇంకో గంట మగ్గాలే.
పంతొమ్మిదేళ్ళు.
తన పెళ్ళి, తన కడుపు పోయిన సంగతి,
ఫోర్‌మన్ మీద బూతు జోకులు,
అన్నీ ఆ పెదవుల మీదే చదివాను.

మిల్లు మూసేసిన శుక్రవారం
ఎవరో మీట దించారు.
బెల్టులు తడబడి ఆగాయి.
దూది నుసి గాల్లోనే నిలబడింది.
కప్పు మీద పావురాలున్నాయని అప్పుడే తెలిసింది.
నెల్లీ అలవాటుగా నోరు సాగదీసి ఏదో అంది,
గొంతు వచ్చింది!
చిన్నపిల్ల గొంతు. పైగా నత్తి.
పంతొమ్మిదేళ్ళు
ఒక్కసారీ నత్తి లేకుండా మాట్లాడిన మనిషి.

నా చెయ్యి నా నోటి మీద పడింది.
ఆ చప్పుడు మిల్లంతా వినపడింది."

"ఏమంది నెల్లీ?" అడిగాడు కుర్రాడు.

హిల్డా కనుబొమ్మలు పైకెత్తి
నోరు బాగా సాగదీసి
చెప్పింది.

టేపు తిరుగుతూనే ఉంది.
అందులో వాన ఒక్కటే పడింది.